బహుమతి కత్తి

పిల్లలూ! ఒకసారి మీ వంటగదిలోకి వెళ్ళి, ఏదైనా పాత స్టీలు గిన్నెనో, గ్లాసునో తీసి తిప్పి చూడండి. అంచు మీద సన్నని చుక్కలతో చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. మీ అమ్మమ్మ పేరు ఉండవచ్చు. ఎవరిదో పెళ్ళి తేదీ ఉండవచ్చు. గిన్నె సొట్టలు పడి ఉంటుంది. ఇచ్చిన మనిషి ఇప్పుడు లేకపోవచ్చు కూడాను. అయినా ఆ అక్షరాలు చూసినప్పుడల్లా మీ అమ్మ, "ఇది మా మేనత్త పెట్టిందర్రా!" అని చెబుతుంది.

వస్తువు మీద పేరు చెక్కించి కానుకగా ఇవ్వటం చాలా పాత అలవాటు. మనం గిన్నెల మీద చెక్కిస్తాం. పూర్వం చక్రవర్తులూ, సభలవారూ కత్తుల మీద చెక్కించేవారు. ఆ కత్తులు నరకటానికి చేయించినవి కావు. వాటి పిడులకు బంగారం, రత్నాలు, నగిషీ పని ఉండేవి. వాటిని బహుమతి కత్తులు అందాం.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా, హెడ్మాస్టరుగా పనిచేశాను. ప్రతి ఏడూ నా చేతులతో బహుమతులు పంచాను. అందుచేత ఎక్కడ బహుమతి మాట వినపడ్డా నాకు మూడు ప్రశ్నలు తోస్తాయి: ఎవరు ఇచ్చారు? ఎవరికి ఇచ్చారు? దేనికి ఇచ్చారు? ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని, అమెరికా సైన్యంలో పనిచేసిన ఒక కుర్ర సేనానికి వచ్చిన కత్తి కథ మీకు చెబుతాను. అయితే ముందు మన ఇంటి సంగతి చూసుకుని తరువాత పొరుగు దేశం వెళదాం.

మా నౌపడలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు, పొందూరు, చీపురుపల్లి దాటి విజయనగరం చేరతాం. ఆ విజయనగరాన్ని ఏలిన పూసపాటి వంశానికి ఒక బహుమతి కత్తి ఉన్నది. ఈ వంశంవారికి ఔరంగజేబు చక్రవర్తి వారి సంస్థానాన్ని ఖాయపరచి, రెండంచుల కత్తి ఒకటి ఇచ్చాడని పాత గెజిటీరులలో వ్రాశారు. అటువంటి కత్తిని జుల్ఫికర్ అంటారు. ఆ కత్తి బొమ్మ వారి వంశచిహ్నంలోకి కూడా ఎక్కింది.

చక్రవర్తి కత్తి ఎందుకు ఇస్తాడు? "నువ్వు నా మనిషివి. నీ బలం నాకు అక్కరకు రావాలి," అని చెప్పటానికి. అంటే అది కానుకా, కట్టుబాటూ రెండూను.

ఇక రెండో కథ. ఇది కూడా మన దేశానికి సంబంధించినదే. 1751లో ఆర్కాటు కోటలో రాబర్టు క్లైవు అనే ఇంగ్లీషు యువకుడు కొద్దిమంది సైనికులతో యాభై రోజులు ముట్టడిని తట్టుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్ళు. అంతకు ముందు అతను కంపెనీలో లెక్కలు వ్రాసుకునే గుమాస్తా. 1753లో అతను ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. కంపెనీ డైరెక్టర్లు సంతోషించి, 500 పౌన్ల ఖరీదుగల వజ్రాల పిడి కత్తి ఇవ్వాలని తీర్మానించారు.

క్లైవు ఏం చేశాడో తెలుసునా? ఆ కత్తి పుచ్చుకోనన్నాడు! "నా పై అధికారి లారెన్సుగారు ఉన్నారు. ఆయనకు ఇవ్వకుండా నాకు ఇస్తే నేను తీసుకోను," అన్నాడు. స్ట్రింజరు లారెన్సు దగ్గరే క్లైవు యుద్ధవిద్య నేర్చుకున్నాడు. డైరెక్టర్లకు తప్పలేదు. లారెన్సుకు 750 పౌన్ల కత్తి ఇచ్చారు. అప్పుడు గాని క్లైవు తన కత్తి ముట్టలేదు.

ఈ కథ చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు. గురువును మరవనివాడికి చప్పట్లు కొట్టవలసిందే. కాని కథ అక్కడితో ఆపితే అది సగం కథ అవుతుంది. ఈ క్లైవే తరువాత బెంగాలులో అంతులేని ధనం కూడబెట్టాడు. 1758లో విజయనగరం ఆనందగజపతిరాజు, ఫ్రెంచివారిని వెళ్ళగొట్టటానికి సహాయం కావాలని బెంగాలుకు కబురు పంపితే, క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ ఏడు డిసెంబరు 9న చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. 1765లో క్లైవు ఢిల్లీ చక్రవర్తి చేత ఉత్తర సర్కారులు కంపెనీకి వ్రాయించుకున్నాడు. మా నౌపడ ఉన్న చికాకోలు సర్కారు కూడా అందులో పోయింది. కనుక ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. బహుమతి మీద చెక్కేది ఒక రోజు చేసిన పని. అది మనిషి జీవితం మొత్తం కాదు.

ఇప్పుడు అమెరికా వెళదాం.

అమెరికాలో ఉన్న పదమూడు వలసలు 1776లో "మాకు ఇక ఇంగ్లండు రాజు వద్దు," అని ప్రకటించాయి. వాళ్ళకు రాజు లేడు, చక్రవర్తి లేడు. మరి యుద్ధంలో పరాక్రమం చూపినవాడికి కత్తి ఎవరు ఇవ్వాలి? ప్రజల ప్రతినిధులు కూర్చున్న సభ ఇవ్వాలి. దాన్ని కాంగ్రెసు అనేవారు. ఆ సభ కొందరు సైనికాధికారులకు మంచి కత్తులు ఇవ్వాలని తీర్మానాలు చేసింది.

ఆ దేశంలో ఇంకా కొంతకాలానికి వోట్లు వేసి కత్తి ఇచ్చిన సంగతి కూడా జరిగింది. 1864లో అక్కడ అంతర్యుద్ధం సాగుతున్నది. గాయపడిన సైనికుల వైద్యానికి డబ్బు పోగుచేయటానికి న్యూయార్కులో ఒక పెద్ద సంత పెట్టారు. అందులో ఒక బహుమతి కత్తి ఉంచి, "ఇది ఏ సేనానికి ఇవ్వాలో మీరే చెప్పండి. ఒక్కొక్క వోటుకు ఒక డాలరు," అన్నారు. జనరల్ గ్రాంటుకు ముప్ఫై వేలకు పైగా వోట్లు వచ్చాయి. మెక్లెల్లన్ అనే మరొక సేనానికి పద్నాలుగు వేల పైచిలుకు వచ్చాయి. కత్తి గ్రాంటుకు వెళ్ళింది. డబ్బు గాయాలకు కట్లు కట్టటానికి వెళ్ళింది. కత్తి పేరు చెప్పి మందులు కొన్నారన్నమాట.

నేను చెప్పబోయే కుర్ర సేనాని మాత్రం మొదటి యుద్ధకాలం నాటివాడు. అతని పేరు లాఫాయెట్. అతను అమెరికావాడు కాడు, ఫ్రాన్సు దేశపు ప్రభువుల బిడ్డ. 1757 జనవరిలో మన బొబ్బిలి కోట పడిపోయింది కదా, అదే ఏడు సెప్టెంబరు 6న అతను పుట్టాడు. రెండేళ్ళయినా నిండకముందే తండ్రి ఇంగ్లీషువారి మీద యుద్ధంలో చనిపోయాడు.

లాఫాయెట్ అమెరికా స్వాతంత్ర్యపోరాటం గురించి విన్నాడు. అక్కడికి వెళతానన్నాడు. రాజు వద్దన్నాడు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. అతను తన డబ్బుతో ఒక ఓడ కొని, దానిలో 1777లో సముద్రం దాటి అమెరికా చేరాడు. "నాకు జీతం అక్కరలేదు. సైన్యంలో చేర్చుకోండి," అన్నాడు. జూలై 31న కాంగ్రెసు అతన్ని మేజర్ జనరల్‌గా నియమించింది. సర్వసేనాని జార్జి వాషింగ్టన్ అతన్ని కొడుకులాగా చూసుకున్నాడు. సెప్టెంబరులో బ్రాందివైన్ అనే చోట జరిగిన యుద్ధంలో లాఫాయెట్ కాలికి తుపాకి గుండు తగిలింది.

1778 అక్టోబరులో అతనికి ఒక చక్కని కత్తి ఇవ్వాలని కాంగ్రెసు తీర్మానం చేసింది. ఆ కత్తి చేయించే పని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు అప్పగించారు. మీ సైన్సు పుస్తకంలో గాలిపటం ఎగరేసి మెరుపులోని విద్యుత్తును పరీక్షించిన పెద్దమనిషి ఉన్నాడే, ఆయనే. అప్పుడు ఆయన ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉన్నాడు. పారిస్ నగరంలోని మంచి పనివాళ్ళ చేత కత్తి చేయించి, 1779 ఆగస్టులో తన మనుమడి చేత లాఫాయెట్‌కు పంపాడు.

కత్తి పిడి బంగారంతో చేసినది. దాని మీద చెక్కిన బొమ్మలు చూడండి. ఒక వైపు లాఫాయెట్ బ్రిటిషు సింహాన్ని గాయపరుస్తున్నాడు. మరొక వైపు సంకెళ్ళు వదిలించుకున్న అమెరికా, ఒక స్త్రీ రూపంలో, అతనికి కొమ్మ బహూకరిస్తున్నది. పిడి చివరి గుబ్బ మీద ఒక నెలవంక ఉన్నది. అది కొంత నేల మీద, కొంత సముద్రం మీద వెన్నెల కురిపిస్తున్నది. దాని క్రింద లాటిన్ భాషలో ఒక చిన్న వాక్యం ఉన్నది. దాని అర్థం చివర చెబుతాను.

చేతికి అడ్డుగా ఉండే భాగం మీద నాలుగు యుద్ధాల బొమ్మలు చెక్కారు. గ్లౌస్టరు, బారెన్ హిల్, మన్‌మత్, రోడ్ ఐలెండు. నాకు ఆశ్చర్యం కలిగించినది ఇక్కడే ఉన్నది. ఈ నాలుగింటిలో రెండు గెలుపులు కావు. రెండూ వెనక్కి తగ్గి వచ్చిన సందర్భాలు! శత్రువును చూసి వెనక్కి వస్తే మనవాళ్ళు కత్తి ఇస్తారా? వేళాకోళం చేస్తారు. మరి ఆ సభవారు బంగారం మీద చెక్కించారే!

బారెన్ హిల్ కథ వినండి. 1778 మే నెలలో వాషింగ్టన్, శత్రువుల కదలికలు కనిపెట్టి రమ్మని లాఫాయెట్‌ను సుమారు 2,200 మందితో పంపాడు. ఇంగ్లీషువాళ్ళకు ఆ సంగతి తెలిసింది. వాళ్ళు అంతకంటే చాలా పెద్ద సైన్యంతో రాత్రికి రాత్రి బయలుదేరి, మూడు దారుల్లో వచ్చి చుట్టుముట్టారు. మర్నాడు భోజనానికి లాఫాయెట్‌ను పట్టి తెస్తామని ఇంగ్లీషు సేనాని అతిథులను కూడా పిలిచాడట.

ఇరవయ్యేళ్ళ లాఫాయెట్ బెదరలేదు. కొద్దిమందిని చెట్ల మధ్య అక్కడక్కడ నిలబెట్టి, శత్రువుకు కనపడేటట్టు తిరగమన్నాడు. వాళ్ళ వెనక పెద్ద సైన్యం వస్తున్నదని ఇంగ్లీషువాళ్ళు భ్రమపడి ఆగారు. ఈ లోపల మిగిలినవాళ్ళు గుట్ట చాటున ఉన్న పల్లపు దారి పట్టి, నది రేవు చేరి దాటిపోయారు. చివరకు చెట్ల మధ్య ఉన్నవాళ్ళు కూడా వచ్చి కలిశారు. మూడు దారుల ఇంగ్లీషు సైన్యాలూ గుట్ట మీద కలుసుకునేసరికి అక్కడ పట్టుకోటానికి ఎవరూ లేరు!

రోడ్ ఐలెండు సంగతి కూడా అటువంటిదే. 1778 ఆగస్టులో అమెరికావాళ్ళు అక్కడి న్యూపోర్టును ముట్టడించారు. సముద్రం వైపు నుంచి సాయపడటానికి ఫ్రెంచి ఓడలు వచ్చాయి. ఇంతలో పెద్ద తుపాను కొట్టి ఓడలు దెబ్బతిన్నాయి. అవి మరమ్మతుకు బోస్టను వెళ్ళిపోయాయి. ఓడలు లేకుండా సైన్యం ఆ దీవిలో నిలవలేదు. లాఫాయెట్ గుర్రం మీద బోస్టనుకు పరుగెత్తి బ్రతిమాలాడు, కాని ఓడలు రాలేకపోయాయి. తిరిగివచ్చి, అందరికంటే వెనక ఉన్న కాపలా దళాలను రాత్రివేళ పడవల్లో దాటించే పని తన మీద వేసుకున్నాడు. ఒక్క మనిషి కూడా పోకుండా అందరూ ఒడ్డు చేరారు. సభ అతన్ని మెచ్చుకున్నది ఆ పనికే.

తుపాను మాట వచ్చింది కనుక మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. నౌపడ అంటే ఉప్పు. మా ఊరి చుట్టూ ఉప్పుమళ్ళు. ఎండాకాలంలో పండిన ఉప్పును కుప్పలు పోసి, వానకు కరగకుండా తాటాకులు కప్పుతారు. ధర వచ్చేదాకా ఆ కుప్పే వాళ్ళ ఆస్తి. 2018 అక్టోబరు 10న, తిత్లీ తుపాను తెల్లవారేలోగా మన తీరం దాటుతుందని హెచ్చరిక వచ్చింది. మా బడి గదులు తెరిచి, పల్లపు ఇళ్ళవాళ్ళను రమ్మని కబురు చేశాం. చాలామంది వచ్చారు. ముసలివాళ్ళు కొందరు కదలలేదు.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ తాత ఉప్పు కుప్ప దగ్గర కాపలా కూర్చున్నాడు. "ఇన్ని తుపాన్లు చూసినోణ్ణి. కుప్ప వదిలి రాను," అంటాడు. కొడుకు చెప్పాడు, పెద్దలు చెప్పారు, వినలేదు. అప్పుడు ఈ పిల్ల వెళ్ళి తాత పక్కనే కూర్చుంది. "ఉప్పు మళ్ళీ పండుతాది తాతా. నువ్వు మళ్ళీ పండవు గదా," అంది. తాత మాట్లాడలేదు. "నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే ఉంటాను," అని కాళ్ళు చాపుకుంది. పది నిమిషాలు అయింది. గాలి లేచింది. ముసలాయన కర్ర పుచ్చుకుని లేచాడు. దారిలో ఆ పిల్ల ఊరుకోలేదు. ఆయన్ను ముందు పెట్టుకుని, ఇంకా రెండిళ్ళ ముసలమ్మలను కూడా, "తాతే వస్తున్నాడు, మీకేమిటి?" అని లేవదీసింది.

మర్నాడు తెల్లవారకముందే తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలమట్టమైనాయి. మా ఊళ్ళో ఆ తాత గుడిసె కప్పు ఎగిరిపోయింది. ఉప్పు కుప్ప సగం కరిగి మడిలో కలిసిపోయింది. తాత మాత్రం మా ఏడో తరగతి గదిలో బల్ల మీద కూర్చుని టీ త్రాగుతున్నాడు.

తరువాత జనవరి 26కు బహుమతుల పట్టిక తయారుచేస్తున్నాం. పరుగుపందెం ఉన్నది, వ్యాసరచన ఉన్నది, హాజరుకు కూడా బహుమతి ఉన్నది. ఈ అమ్మాయి చేసిన పనికి పట్టికలో గడి లేదు. "ఏ పద్దు క్రింద ఇస్తామండీ?" అని మా లెక్కల మాస్టారు అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. పట్టికలో లేని బహుమతి ఇస్తే, రేపు ఇంకొకరు అడుగుతారు. చివరకు మేమంతా తలా కొంత వేసుకుని, టెక్కలి బజారులో ఒక స్టీలు గ్లాసు కొని పేరు చెక్కించాం. పేరు క్రింద ఏం వ్రాయాలన్నది మళ్ళీ చర్చకు వచ్చింది. ధైర్యసాహసాలు, సేవాభావం అని పెద్ద మాటలు కొన్ని వచ్చాయి. చివరకు వ్రాయించినది ఇది: "తాతను బడికి తెచ్చినందుకు." అది మైకులో చదివితే అందరూ పకపక నవ్వారు. తాత కూడా నవ్వాడు. కాని ఆ నవ్వులో ఎవరికీ అది చిన్న బహుమతి అనిపించలేదు.

లాఫాయెట్ కత్తి మీద ఆ నాలుగు బొమ్మల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గ్లాసు జ్ఞాపకం వస్తుంది. మనుషులను బ్రతికించి వెనక్కి తీసుకురావటం కూడా పరాక్రమమే అని ఒప్పుకోటానికి సభకైనా, బడికైనా కొంచెం ఆలోచన కావాలి.

సరే, కత్తి సంగతి ఏమయింది? 1789 జూలై 14న పారిస్ ప్రజలు బాస్తీల్ అనే భయంకరమైన కారాగారాన్ని పట్టుకున్నారు. ఫ్రెంచి విప్లవం మొదలైంది. లాఫాయెట్ పారిస్ జాతీయ దళానికి నాయకుడయ్యాడు. మూడేళ్ళకు పరిస్థితి తలక్రిందులైంది. అతను దేశం దాటిపోతూ శత్రువుల చేతికి చిక్కి, 1792 నుంచి 1797 దాకా జైళ్ళలో మగ్గాడు. ఆ భయంకరమైన రోజుల్లో అతని భార్య ఆద్రియేన్ కత్తిని కాపాడటానికి భూమిలో పాతిపెట్టించింది. ఆ తరువాత ఆ ఇల్లాలు తన కూతుళ్ళను వెంటబెట్టుకుని భర్త ఉన్న జైలుకే వెళ్ళి, తాను కూడా అక్కడే ఉన్నది.

చాలా ఏళ్ళకు వాళ్ళ కొడుకు ఆ చోటు త్రవ్వించాడు. బంగారపు పిడి పాతిపెట్టిననాడు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉన్నది. నెలవంక చెదరలేదు. యుద్ధాల బొమ్మలు చెరగలేదు. కాని ఉక్కు అలుగును మాత్రం త్రుప్పు తినేసింది!

ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు నౌపడ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఊళ్ళో కిటికీ చువ్వలకు రంగు వేయించటం మరిచిపోతే కొన్నాళ్ళకే పొలుసులు లేస్తాయి. సైకిలు గొలుసుకు నూనె పెట్టకపోతే బిగుసుకుపోతుంది. ఇనుము గాలిలో ఉన్న ఆక్సిజన్‌తోనూ, నీటితోనూ కలిసి త్రుప్పుగా మారుతుంది. రెండూ ఉండాలి. ఒక్కటే ఉంటే త్రుప్పు పట్టదు. తడి నేలలో రెండూ ఉంటాయి. నీటిలో ఉప్పు కూడా ఉంటే ఇక చెప్పనక్కరలేదు. త్రుప్పు పట్టేటప్పుడు ఇనుము మీద ఒక చోటి నుంచి మరొక చోటికి అతి సన్నని విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉప్పునీరు మంచినీటి కంటే బాగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. అందువల్ల పని త్వరగా సాగిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది.

బంగారానికి ఈ బాధ లేదు. అది ఆక్సిజన్‌తో సులభంగా స్నేహం చేయదు. మరి మన స్టీలు గ్లాసు కూడా ఇనుమే కదా, దానికి త్రుప్పు ఎందుకు పట్టదు? అందులో క్రోమియం అనే లోహం కలుపుతారు. అది గాలి తగలగానే గ్లాసు మీద కంటికి కనపడనంత పలుచని పొర కడుతుంది. ఆ పొర కవచంలాగా పనిచేస్తుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో హారీ బ్రియర్లీ ఇటువంటి ఉక్కును తయారుచేశాడు. పాపం, లాఫాయెట్ కత్తి నాటికి అది లేదు.

ఇంకొక తమాషా వినండి. కత్తి అలుగును తినే ఉప్పే కత్తి మీద అక్షరాలు కూడా వ్రాస్తుంది! నగిషీ రెండు రకాలు. ఒకటి, సన్నని ఉక్కు ఉలితో లోహాన్ని చెక్కి తీసివేయటం. రెండోది, తినిపించటం. అలుగు అంతా మైనం పూస్తారు. మైనం మీద సూదితో అక్షరాలు గీస్తారు. గీసిన చోట ఇనుము బయటపడుతుంది. పూర్వం ఐరోపా పనివాళ్ళు పులిసిన ద్రాక్షరసంలో ఉప్పు మొదలైనవి కలిపి అక్కడ పూసేవారు. అది బయటపడిన ఇనుమును మెల్లగా తినేది. మైనం తుడిచివేస్తే అక్షరాలు లోతుగా నిలిచేవి. హద్దు ఉంటే అదే ఉప్పు పనివాడు, హద్దు లేకపోతే దొంగ!

ఉక్కు మాట వచ్చినప్పుడు మనవాళ్ళను తలుచుకోకపోతే తప్పు. నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరున్నది. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టిమూసల్లో పెట్టి, మూతి మెత్తి, గంటల తరబడి తిత్తులు ఊది మేలైన ఉక్కు ముద్దలు తీసేవారు. పారశీక దేశపు వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, ఆ ముద్దలు తూకం వేయించుకుని పట్టుకుపోయేవారు. నీటి అలల వంటి గీతలుండే పేరుపొందిన కత్తులు ఇటువంటి ఉక్కుతో చేసినవే. మన "ఉక్కు" అన్న మాటే ఐరోపావాళ్ళ నోట "వూట్జ్" అయిందని పండితులు చెబుతారు. కత్తి మీద ఇచ్చినవాడి పేరు ఉంటుంది, పుచ్చుకున్నవాడి పేరు ఉంటుంది. తిత్తి ఊదినవాడి పేరు చెక్కే అలవాటు లేదు. బహుమతి చూసినప్పుడు మీరైనా అతన్ని ఒకసారి తలుచుకోండి.

త్రుప్పు తిన్న కత్తిని లాఫాయెట్ పారవేయలేదు. పారిస్ జాతీయ దళంవారు అంతకు ముందు అతనికి ఒక కత్తి ఇచ్చి ఉన్నారు. దాని అలుగును బాస్తీల్ జైలు తలుపుల గడియల ఇనుముతో చేశారు. ఆ అలుగును తీసి, అమెరికావారు ఇచ్చిన బంగారపు పిడికి బిగించుకున్నాడు. మనుషులను బంధించిన ఇనుము చివరకు ఆ నెలవంక దగ్గరికి చేరింది.

ఆ నెలవంక క్రింద ఏమున్నదో చెబుతానన్నాను కదా. "ఉపయోగపడటం కోసం పెరుగుతాను," అని దాని అర్థం. అప్పుడే పుట్టిన అమెరికా దేశాన్ని ఉద్దేశించి వ్రాయించిన మాట అది. నెలవంక పెరిగేది తన కోసం కాదు, నేల మీదా నీటి మీదా వెన్నెల పంచటానికి. మీరు కూడా పెరుగుతున్నవాళ్ళే కనుక, ఆ మాట మీకు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇక మీ వంతు. నాలుగు కొత్త ఇనుప మేకులూ, నాలుగు చిన్న సీసాలూ తీసుకోండి. మొదటి సీసా బాగా ఆరబెట్టి, మేకు వేసి గట్టిగా మూత పెట్టండి. రెండో దానిలో, పెద్దవాళ్ళ చేత కాచించి చల్లార్చిన నీళ్ళు మేకు మునిగేదాకా పోసి, పైన కొంచెం నూనె వేయండి. మూడో దానిలో మామూలు నీళ్ళు సగం మేకు మునిగేటట్టు పోయండి. నాలుగో దానిలో అట్లాగే ఉప్పునీళ్ళు పోయండి. వారం రోజులు ప్రతిరోజూ ఒకే వేళకు చూసి, ఏ మేకు ఎట్లా ఉన్నదో నోటుపుస్తకంలో వ్రాయండి. రెండో సీసాలో నీళ్ళున్నా మేకు ఎందుకు మెరుస్తున్నదో మీ అంతట మీరే కనిపెట్టాలి సుమా!